మిషన్ వచ్చింది సరే... పాదమేదమ్మా?

కుట్టుమిషన్ల పథకాల గురించి ఊరూరా మాట్లాడుకుంటున్నారు. ఆ మిషన్లో గుడ్డను నొక్కిపట్టే బొటనవేలంత ఇనుప ముక్క మాటే ఎవరి నోటా రాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా టైలరక్కల ఇళ్లు తిరిగితే, వాళ్ల రాబడి చాలాసార్లు ఆ ముక్క దగ్గరే తేలుతోందని అర్థమైంది.

రాత్రి పదకొండయింది. నంద్యాల నూనెపల్లెలో ఓ ఇంటి ముందుగది. ట్యూబులైటు కింద నల్ల మిషను, దాని ముందు అక్క. ఆమె ఒళ్లోంచి నేల మీదికి, నేల మీంచి గడప దాకా జారిన నెమలికంఠం రంగు జార్జెట్టు. తెల్లారితే ఓణీల ఫంక్షను. మేనమామ తెచ్చే పళ్లేలతో పాటు ఈ లంగా కూడా పీటల దగ్గరికి చేరాలి. పిల్ల తల్లి సాయంత్రం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అయిదోసారి మోగేసరికి అక్క ఫోన్ బోర్లించి పెట్టింది.

నడుం పట్టీ అయింది, జిప్పు అయింది. మిగిలింది అంచు. చూసేవాళ్లకు అంచు అంటే ఏముంది, మడిచి కుట్టేయడమే. కానీ ఇది గొడుగులా విచ్చుకునే లంగా. పొడవు 38 అంగుళాలు. పూర్తి గుండ్రంగా కత్తిరించిన గుడ్డ కాబట్టి అడుగున చుట్టుకొలత 270 అంగుళాలు, దగ్గర దగ్గర ఏడు మీటర్లు. అంగుళానికి పది కుట్ల లెక్కన 2,700 కుట్లు. అదీ పై పొర ఒక్కదానికే. కింద లైనింగు ఇంకా అట్లాగే ఉంది.

అక్క మర వదులు చేసి మిషన్‌కున్న మామూలు పాదం ఊడదీసింది. సొరుగులోంచి ఇంకొకటి తీసింది. దాని ముందు భాగంలో చిన్న సుడి.

“ఇదేందక్కా, నత్తగుల్ల మాదిరి ఉంది?”

“నత్తేలే సారూ. నడక మాత్రం నత్తది కాదు.”

గుడ్డ మూలను ఏటవాలుగా చిటికెడు కత్తిరించింది. మొదటి అంగుళం గోటితో రెండు మడతలు పెట్టి నాలుగు కుట్లు వేసింది. దారం తోక తెంచకుండా, సూది గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తింది. ఆ తోకను పట్టి లాగుతూ అంచును సుడిలోకి ఎక్కించి, పాదం దించి తొక్కడం మొదలుపెట్టింది. గుడ్డ చదునుగా లోపలికి పోతోంది. లోపల ఒకసారి, ఆ మీద ఇంకొకసారి దానంతటదే చుట్టుకుని, సూది కిందికి వచ్చేసరికి పురికొసంత సన్నటి అంచయి బయటికి వస్తోంది. కుడిచెయ్యి గుడ్డను కాస్త పైకెత్తి ఎడమ పక్కకు ఒరగబట్టింది. ఎక్కువ గుడ్డ పోతే మడత మూడింతలై ఉబ్బుతుంది, తక్కువ పోతే పచ్చి అంచు బయటపడుతుంది. పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు, ఆ సుడికి ఎంత పడుతుందో అంతే అందించాలి.

జార్జెట్టు జారకుండా అంచుకు పొద్దున్నే పలచటి గంజి రాసి ఆరబెట్టింది. ముక్కలు అతికిన చోట మందం అడ్డం రాకుండా ముందే లోపలి గుడ్డ కొస కత్తిరించి, కత్తెర పిడితో కొట్టి అణిచి పెట్టింది. ఈ రెండూ పాదం చేసే పనులు కావు, అక్క చేసిన పనులు.

పన్నెండు కాకముందే పై పొర పూర్తయింది. “చేత్తో మడుచుకుంటా కుట్టింటే కోడి కూసేది” అంది, లైనింగు ఒళ్లోకి లాక్కుంటూ.

సూదికి తోడు, పళ్లకు మొగుడు

కుట్టుమిషన్ అంటే అందరికీ గుర్తొచ్చేది సూది. నిజానికి కుట్టు సూది ఒక్కదాంతో పడదు. సూది కింద పలకలో పళ్లుంటాయి. అవి పైకి లేచి, గుడ్డను కుట్టంత దూరం వెనక్కి జరిపి, కిందికి దిగి, ఖాళీగా ముందుకొచ్చి మళ్లీ లేస్తాయి. ఈ నాలుగు కదలికల ఏర్పాటుకు అలెన్ విల్సన్ అనే అమెరికన్ 1854లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ మన ఇళ్లలోని మిషన్లు చేసేది అదే. పళ్లు పట్టాలంటే పైనుంచి ఎవరో గుడ్డను అదిమిపెట్టాలి. ఆ అదిమేదే పాదం. అది లేకుండా తొక్కి చూడండి, గుడ్డ సూదితో పాటు పైకీ కిందికీ ఎగురుతుంది, అడుగున దారం ఉండ కడుతుంది, కుట్టు తప్పుతుంది.

మిషన్‌తో వచ్చే మామూలు పాదానికి రెండు వేళ్లు, మధ్యలో సూదికి సందు, అడుగు చదును. తిన్నగా కుట్టడానికి అది చాలు. గుడ్డ మడవాలన్నా, కుచ్చు పెట్టాలన్నా, తాడు పక్కనే అంటిపెట్టుకుని కుట్టాలన్నా ఆ చదును పాదం అడ్డం పడుతుంది. అప్పుడు ఆ పని మన వేళ్లు చెయ్యాలి. వేళ్లు చేస్తాయి, చేశాయి కూడా. టైలర్ల బొటనవేళ్లు గట్టిపడిపోయింది అందుకే.

పైపింగ్ సంగతే తీసుకోండి. రవిక మెడకు, చేతుల అంచుకు సన్నటి తాడులా ఉబ్బి కనిపించే ఆ గీత లేకుండా ఇప్పుడు పెళ్లి రవిక లేదు. క్రాసు పట్టీ మడతలో దారపు తాడు పెట్టి, తాడుకు ఆనుకుని కుట్టు పడాలి. మామూలు పాదం పెడితే ఒక వేలు తాడు మీదికెక్కుతుంది, పాదం పక్కకు ఒరుగుతుంది, కుట్టు తాడుకు దూరంగా జరుగుతుంది. పైపింగ్ బోలుగా, వదులుగా ఉంటుంది. ఒకే వేలున్న పాదం పెడితే ఆ రెండోపక్క అడ్డే లేదు. సూది తాడును రాసుకుంటూ పోతుంది. కొందరు దీన్ని హాఫ్ ఫుట్ అంటారు, కొందరు సింగిల్ ఫుట్ అంటారు, జిప్పులకూ ఇదే కాబట్టి జిప్ ఫుట్ అనేవాళ్లూ ఉన్నారు. ఒంటికాలి పాదం అన్నది ఒక అవ్వ. నాకు ఆ పేరే నచ్చింది.

> పని పాదాలు
>
> సుడి పాదం (హెమ్మర్): సన్నంచు చుట్టి కుడుతుంది. ఓణీలు, దుపట్టాలు, గొడుగు లంగాలు. పలచటి గుడ్డలకు మూడు మిల్లీమీటర్లది, కాస్త మందం ఉంటే ఆరుది.
>
> కుచ్చుల పాదం: అడుగు గుడ్డను కుచ్చుగా ముడుస్తూ, సందులోంచి వచ్చే పై గుడ్డను చదునుగా ఉంచి రెండింటినీ ఒకేసారి కుడుతుంది. కుట్టు పొడవు పెంచితే కుచ్చు ఒత్తవుతుంది.
>
> రఫ్లర్: సాలెపురుగులాంటి పెద్ద సాధనం. దీని చెయ్యి సూది మరకు తగులుకుంటుంది. ప్రతి కుట్టుకూ, ఆరు కుట్లకోసారి, పన్నెండు కుట్లకోసారి మడత పెట్టేలా మీట ఉంటుంది.
>
> కనపడని జిప్పు పాదం: అడుగున రెండు కాలువలు. జిప్పు పళ్లను నిలబెట్టి, వాటి మొదట్లో కుట్టు పడేలా చేస్తుంది.
>
> నడిచే పాదం: పై గుడ్డను కూడా పళ్లతో జరుపుతుంది. బొంతలకూ, వెల్వెట్టుకూ.
>
> టెఫ్లాన్ పాదం: రెగ్జిన్, తోలు అతుక్కోకుండా జారడానికి. సంచులు కుట్టేవాళ్లు దీన్ని వదలరు.

ఇప్పుడే ఎందుకీ మాట?

కుట్టుమిషన్ ఇప్పుడు వార్తల్లో వస్తువు. 2020 జూన్‌లో మొదలైన రాష్ట్ర పథకం జగనన్న చేదోడులో టైలర్లకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. 2025 మార్చిలో మహిళా దినోత్సవం నాడు రాష్ట్ర ప్రభుత్వం బీసీ, ఈడబ్ల్యూఎస్ మహిళలకు కుట్టు శిక్షణ, ఉచిత మిషన్ల పథకం మొదలుపెట్టింది. జెండా ఏదైనా ఫొటోలో మిషన్ ఉండాల్సిందే. ఆడవాళ్ల ఉపాధి అనగానే మన ప్రభుత్వాలకు ముందు గుర్తొచ్చేది అదే. తప్పు పట్టడం లేదు. ఇంట్లో ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, ఎండన పడకుండా చేసుకునే పని నల్లరేగడి పల్లెల్లో ఇంకేముంది?

అయితే గాంధీచౌక్ దగ్గర మిషన్ విడిభాగాల కొట్టులో అరగంట నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. కాలేజీ వయసు పిల్లలిద్దరు వచ్చారు. శిక్షణ అయిపోయింది, చేతిలో సర్టిఫికెట్టుంది.

“అన్నా, పైపింగు వంకర పోతాంది. మిషన్ బాగల్యాదేమో చూడల్ల.”

కొట్టు అన్న మిషన్ ఊసెత్తలేదు. గాజు బల్ల కింద నుంచి ఒంటికాలి పాదం తీసి ముందు పెట్టాడు. “మిషన్‌కేం కాలేదు మ్మా. కాలు మార్చండి.”

“ఇట్లాంటిదొకటి ఉంటాదని మాకు చెప్పల్యా.”

ఏ కేంద్రమని వేలెత్తి చూపడం కాదు. అరడజను చోట్ల నేర్చుకున్నవాళ్లను అడిగితే దాదాపు ఒకే జవాబు: దారం ఎక్కించడం, తిన్నటి కుట్టు, కొలతలు, రవిక కటింగు, పంజాబీ డ్రెస్సు. నేర్పిందంతా ఒకే పాదంతో. ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫొటో దిగుతుంది. ‘అక్కా, అచ్చం ఇట్లే కావాల’. వీపున మూడు వరసల పైపింగు, చేతులకు గంటలా విచ్చుకున్న కుచ్చులు, కుట్టు కనపడని జిప్పు. ఆ ఫొటోలోని రవిక ఏ బొంబాయిలోనో నాలుగు రకాల మిషన్ల మీద తయారై ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఒక్క నల్ల మిషను.

ఆ ఒక్క మిషన్‌నే నాలుగు మిషన్లు చేసే ఉపాయం పాదం. కొట్టులో ఆ పిల్లలు కట్టింది యాభై రూపాయల లోపే.

సిరివెళ్ల దాటితే పారువేట లెక్క

నంద్యాల నుంచి కడప వైపు జాతీయ రహదారిలో సిరివెళ్ల దాటి, మొత్తం నలభై కిలోమీటర్లు అటూ ఇటూగా పోతే ఆళ్లగడ్డ. భౌగోళిక గుర్తింపు దక్కిన రాతి శిల్పాల ఊరు. రోడ్డు పక్క షెడ్లలో ఉలి చప్పుడు, తెల్లటి రాతిపొడి, సగం ముఖం తేలిన దేవుళ్లు.

ఈ పక్క టైలర్లకు పని మోపయ్యే కాలం వేరు. మిగతా చోట్ల సంక్రాంతి అయిపోతే కత్తెర పక్కన పెడతారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల అప్పుడే అసలు సందడి. కనుమ నాడు అహోబిలం వదిలిన నరసింహస్వామి పల్లకి, తన పెళ్లికి రమ్మని పిలవడానికి ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతుంది. దాదాపు నలభై రోజుల పారువేట. తర్వాత ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. పల్లకి ఏ ఊరొస్తే ఆ ఊరికి ఆరోజే పండగ. అత్తగారింటి నుంచి ఆడబిడ్డలు వస్తారు, కొత్త బట్టలు కట్టాలి. కాబట్టి టైలరు గోడ మీద క్యాలెండరులో తేదీల పక్కన ఊళ్ల పేర్లుంటాయి. మా ఊరికి సామి ఎల్లుండి వస్తాడు, జాకెట్టు రేపు కావాల. ఇక్కడ వాయిదాకు తావు లేదు. స్వామి ఆగడు కదా.

మా పెద్దమ్మది ఆళ్లగడ్డే. నలభై ఏళ్లుగా ఇంట్లోనే కుడుతోంది. చేతి హెమ్మింగులో ఆమెను మించినవాళ్లు లేరని ఆ వీధి నమ్మకం, ఆమె నమ్మకం కూడా. పాతవాళ్లు తురుపాయి అనే ఆ పనిలో ఆమె కుట్టు బయటికి చుక్కంత కూడా కనపడదు. పాదాల మాటెత్తితే “నా యేలి కంటే తెలివుండాదా దానికి?” అనేది.

అరవై దాటాక కంట్లో పొర కమ్మింది. ఆపరేషనయ్యింది గానీ రాత్రిపూట సన్నటి గుడ్డ మీద సన్నటి సూది కనపడటం మానేసింది. ఆ ఏడు పారువేట పని చాలావరకు పక్కింటికి పోయింది. ఆమె ఏమీ అనలేదు. మిషన్ మీద దుప్పటి కప్పింది, అంతే. ఆ దుప్పటి చూసి మా వదిన ప్రొద్దుటూరు పోయినప్పుడు సుడి పాదమొకటి, ఒంటికాలి పాదమొకటి కొనుక్కొచ్చి, చెప్పకుండా సొరుగులో పెట్టింది.

రెండు రోజులు మా పెదనాన్న పాత పంచల మీద సాధన. మొదటి రోజు మడత మూడింతలైంది, పంచ చిరిగింది, ప్రొద్దుటూరుకు తిట్లు పడ్డాయి. రెండోరోజు సాయంత్రానికి మూర పొడుగు అంచు ఒక్క వంకర లేకుండా వచ్చింది. పెద్దమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, వేలితో తడిమి, “నా బొటనేలికి పింఛనొచ్చినట్లుంది మే” అంది.

వీధిలో ఎవరో ఒకసారి ఎకసెక్కమాడారు, పెద్దమ్మ కూడా ఇప్పుడు మిషన్‌తోనే మడుస్తాంది అని. ఆమె షెడ్ల వైపు చెయ్యి చూపింది. “ఆ సాముల కాడికి పోయి చెప్పు. అన్ని ఉలులెందుకు, ఒగదాంతోనే కన్నూ ముక్కూ గోరూ అన్నీ చెక్కమను.”

విప్పితే పజిలు, మూస్తే పెట్టె

ఈ పాదాలు కొత్తగా కనిపెట్టినవి కావు. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు తీసుకున్న మిషన్లోనే గుడ్డను అదిమే పాదముంది. 1889 నాటికి సింగర్ కంపెనీ పాదాలనూ, మడత పట్టీలనూ, కుచ్చుల సాధనాన్నీ వెల్వెట్టు పరిచిన చెక్కపెట్టెలో అమర్చి అమ్మింది. నాలుగు పక్కలా విచ్చుకుని బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది, మూస్తే చిన్న పెట్టె. సేకరించేవాళ్లు దాన్ని పజిల్ బాక్సని పిలుస్తారు. అంటే నూట ముప్పై ఏళ్ల కిందటే మిషన్ అమ్మేవాడికి తెలుసు, పాదాల్లేని మిషన్ సగం మిషనేనని.

మిషనంటే దర్జీలకు భయం కూడా పాతదే. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొంది సైన్యానికి దుస్తులు కుట్టే కార్ఖానా పెడితే, పొట్ట కొడతాడని పారిస్ దర్జీలు మరుసటేడే మిషన్లన్నీ పగలగొట్టారు. యంత్రాలంటే మొహం ముడుచుకునే గాంధీజీ మాత్రం కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. 1924లో ఒక సంభాషణలో, భార్య చేత్తో కుట్టి అలసిపోవడం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడన్న కథను కూడా ఆయన ఇష్టంగా చెప్పారు. సింగర్ గారి అసలు సంసారాల చరిత్ర చదివినవాళ్లకు ఆ కథ నమ్మబుద్ధి కాదు. పోనీ, మహాత్ముడి మనసు మంచిది.

> పికో వెనకాల ఒక ఆడమనిషి
>
> ‘ఫాల్స్, పికో చేయబడును’ అనే బోర్డు లేని వీధి మన ఊళ్లలో లేదు. చీర కొంగు అంచును అటూ ఇటూ ఊగుతూ కుట్టే ఆ జిగ్‌జాగ్ కుట్టు మిషన్‌కు 1873లో అమెరికాలో పేటెంటు పొందింది హెలెన్ బ్లాంచార్డ్ అనే మహిళ. మన దేశంలో 1930లలో కలకత్తా జై ఇంజినీరింగ్ వర్క్స్ ‘ఉషా’ మిషన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తర్వాత లూధియానా మిషన్లకూ, విడిభాగాలకూ పెద్ద కేంద్రమైంది.

సూది విరిగిన రాత్రి

పాదాల మీద మోజు నాకూ పట్టింది. ఆన్‌లైన్‌లో 32 పాదాల పెట్టె కనపడింది. ధర చూస్తే ఒక్కో పాదం టీ, బన్ను ఖర్చు. పెద్దమ్మకు పండగ కానుకగా తెప్పించాను. పెట్టె మూత లోపల పేర్లు ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో.

అంతటితో ఆగక వదిన జిగ్‌జాగ్ మిషన్ మీద కూర్చున్నాను. సన్నటి ఒంటి రంధ్రమున్న పాదం పెట్టి తిన్నగా రెండు వరసలు కుట్టాను. బాగుంది. ఉత్సాహంలో మీట జిగ్‌జాగ్‌కు తిప్పాను, పాదం మార్చడం మరిచాను. సూది ఎడమకు ఊగింది. అక్కడ రంధ్రం లేదు, ఇనుముంది. టప్‌మని విరిగి, ముక్క నా కళ్లద్దాలకు తగిలింది. పెద్దమ్మ మిషన్ చక్రం చేత్తో ఆపి, “అబ్బీ, నువ్వు రాసుకో పో” అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. పాదం మార్చిన ప్రతిసారీ తొక్కకూడదు. ముందు చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, సూది ఎక్కడ దిగుతుందో చూడాలి. ఏ పుస్తకంలోనైనా మొదటి పేజీలో ఉండాల్సిన మాట.

ఆ 32లో ఆమె ఏడాదిగా వాడుతున్నవి ఆరు. రెండింటి అంచులు గరుకుగా ఉండి పట్టు దారాలు లాగేస్తే పక్కన పడేసింది. మిగతావాటితో నా మనవడు ఆడుకుంటాడు. పెట్టె కొనడం కంటే పనికొచ్చే నాలుగు పాదాలు కొట్లో చేత్తో తడిమి చూసి కొనుక్కోవడమే మేలని నాకిప్పుడు అనిపిస్తోంది.

> కొనే ముందు స్కేలు తీయండి
>
> పాదం కాడ ఎత్తు అన్ని మిషన్లకూ ఒకటి కాదు. పాదం దించి, దాన్ని బిగించే మర మధ్య నుంచి కింది పలక దాకా కొలవండి. ముప్పావు అంగుళం ఉంటే పొట్టి కాడ: ఇళ్లలోని నల్ల మిషన్లలో ఎక్కువ ఇవే. అంగుళంపావు దాకా ఉంటే పొడుగు కాడ: షాపుల్లో వేగంగా తిరిగే పవర్ మిషన్లవి. దీనిది దానికి పెడితే పాదం పలకను తాకదు, లేదా అసలు దిగదు. మిషన్ పేరు కంటే ఈ కొలతే ముఖ్యం. పాదం అడుగు వేలితో తడిమి చూడండి. గోరుకు తగిలే గరుకు గుడ్డకూ తగులుతుంది.

తొందరగా అయిందని తక్కువిస్తారా?

అంతా బాగుందనుకుంటే పొరపాటు. నూనెపల్లె అక్క చెప్పిన మాట నన్ను ఇంకా వదల్లేదు.

“ముందు ఓణీ అంచు చేత్తో కుట్టిస్తే అడిగినంత ఇచ్చేటోళ్లు. నా పక్కన కూసోని చూసినోళ్లకు నా కష్టం కనపడేది. ఇప్పుడు పావుగంటలో అయిపోతాంది గదా, మిషనే చేసింది, ఇంతెందుకు అంటారు. ఆ పాదం ఎట్ల పట్టాలో నేర్చుకునేదానికి నేను చించుకున్న గుడ్డల లెక్క ఎవురు చెప్తారు?”

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. పాదం మిగిల్చిన గంట ఎవరిది? అక్క ఉపాయం ఏమిటంటే, ఇప్పుడు అంచుకు వేరే ధర చెప్పడం మానేసింది. లంగా మొత్తానికి ఒకే మాట. లోపల ఏ పాదం పెట్టిందో ఎవరికీ చెప్పదు. కుట్టించుకునేవాళ్లు వచ్చినప్పుడు సుడి పాదం సొరుగులో ఉంటుంది. నేను చూసింది రాత్రి పదకొండింటికి కాబట్టి చూడగలిగాను.

పోయిన పనులూ ఉన్నాయి. వెనక పెద్ద షాపుల్లో కాజా పిల్లలుండేవాళ్లు. చొక్కాలకు కాజాలు చేత్తో కుట్టడం, గుండీలు పెట్టడం వాళ్ల పని. ముక్కకింత అని కూలి. అదే వాళ్ల బడి, అక్కడే దర్జీలయ్యేవాళ్లు. కాజా మిషన్ వచ్చాక ఆ మెట్టు ఊడిపోయింది. కూలిపనికి పసిపిల్లలు అక్కర్లేకుండా పోవడం మంచిదే. అయితే వృత్తిలోకి దారి కూడా అక్కడే మూసుకుపోయిందని నంద్యాల భాయ్ ఒకాయన అన్నాడు. ఒకప్పుడు పండగకు ఆయన దగ్గర సఫారీ సూట్లు బారులు తీరేవి. ఇప్పుడు ఆయన దుకాణానికి వచ్చేది ఎక్కువగా రెడీమేడ్ జీన్సు, కాళ్లు పొట్టి చేయించుకోవడానికి.

ఆయన పని కాసేపు చూశాను. జీన్సు పక్కకుట్టు దగ్గర గుడ్డ నాలుగైదు పొరల గుట్ట. పాదం ఆ గుట్ట ఎక్కగానే ముక్కు పైకి లేచి వెనక్కి ఒరుగుతుంది, కుట్టు తప్పుతుంది, లేదా సూది విరుగుతుంది. దీనికీ వేరే సాధనముంది. భాయ్ దగ్గర లేదు. ఆయన గోడకు గుచ్చిన పాత శుభలేఖ తీసి, అట్ట ముక్క చించి, గుట్టంత మందం వచ్చేదాకా మడిచి, పాదం వెనక భాగం కింద పెట్టాడు. పాదం సమంగా నిలబడింది. నాలుగు కుట్లు నెమ్మదిగా దాటించి, అట్ట లాగేసి, మళ్లీ గోడకు గుచ్చాడు.

“ఏం సాబ్, పాదం కొనొచ్చుగా?”

“శాదీలు అయితానే ఉంటాయి గదా సార్. కార్డులు వస్తానే ఉంటాయి.”

నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ అట్టముక్క తర్కం తెలిసిన మనిషి ఏ పాదం ఇచ్చినా ఇట్టే పట్టుకుంటాడు. గాంధీచౌక్ కొట్లో చూసిన పిల్లలకు ఆ తర్కమే ఎవరూ చెప్పలేదు. శిక్షణలో ఒక్క వారం, పది చింకి గుడ్డలు, నాలుగు పాదాలు. ఖర్చు మిషన్ ధరలో వీసం కూడా కాదు. పంపిణీ సభ ఫొటోలో మాత్రం పాదం కనపడదు. ఇబ్బంది అక్కడే ఉందేమో.

వక్కాకు తిత్తి

మొన్న ఆళ్లగడ్డ పోయినప్పుడు పెద్దమ్మ అరుగు మీదే ఉంది. పక్కవీధి పిల్ల ఒకతి కింద కూర్చుని పాత చీర ముక్క మీద సుడి పాదం సాధన చేస్తోంది. ప్రభుత్వం మిషన్ వస్తుందని పేరు రాయించుకుందట. మిషనొచ్చే లోపల నేర్చుకుంటే కలిసొస్తుందని వాళ్లమ్మ ఇక్కడికి పంపుతోంది. ఫీజేమీ లేదు. పెద్దమ్మకు సూదిలో దారం ఎక్కించిపెట్టాలి, అంతే.

“ఎత్తిపట్టు మే. ఎడమకు. ఎడమకంటే నీ ఎడమకు!”

పిల్ల అంచు జారింది. పచ్చి అంచు బయటికొచ్చింది. కుట్టు విప్పుతూ, “అవ్వా, పైపింగుది కూడా ఈపొద్దే చూపీవా?” అంది.

పెద్దమ్మ తన పాదాలన్నీ దాచేది నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిలో. పెట్టెలో పెడితే ఎక్కడ పెట్టానో మర్చిపోతాను, తిత్తి అయితే పూటకు పదిసార్లు తీస్తాను కదా అని ఆమె లెక్క. తాడు వదులు చేసి, రెండు వేళ్లు లోపలికి పెట్టి తడిమింది. ఏదో దొరికింది. మాట్లాడుతూనే నోట్లో వేసుకోబోయి, పళ్లకు చల్లగా తగిలేసరికి ఆగింది.

“ఇదిగోమ్మే” అని, ఒంటికాలి పాదాన్ని చీర కొంగుకు తుడిచి పిల్ల చేతిలో పెట్టింది.